ఆ 44 మంది పేర్లు ముందే ఉన్నాయి

ఈరోజు కథ వైజాగ్ వన్ టౌన్‌లో మొదలవుతుంది. మధ్యలో అమెరికా వెళ్లి, మళ్లీ వైజాగ్‌కే వచ్చేస్తాం.

వన్ టౌన్ అంటే మనకు కురుపాం మార్కెట్, పాత టౌన్ హాల్, సందుల చివర పోర్టు. పోర్టు వచ్చింది 1933లో. దానికి చాలా ముందు, కంపెనీ దొరల కాలంలో, విశాఖపట్నం అంటే ఈ పాత ఊరే. అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. 1816 నుంచి ఆ ప్రెసిడెన్సీలో ఒక చిత్రమైన ఏర్పాటు నడిచింది. శిస్తు వసూలు చేసే తాసిల్దారే పోలీసు అధికారి కూడా. శిస్తు కట్టలేదని కొట్టేది ఆయన మనుషులే, కొట్టారని చెప్పుకోవాల్సిందీ ఆ కచేరీలోనే. ఇంకెవడు వెళ్తాడు చెప్పండి?

ఈ సంగతి బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లి గొడవైంది. మద్రాసులో ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ వేశారు. 1855లో రిపోర్టు వచ్చింది. దానికి దాదాపు 2,000 ఫిర్యాదులు అందాయి, ఎక్కువ భాగం ఉత్తరాలే. ఆ రిపోర్టులో హింస పద్ధతులకు తెలుగు పేర్లు కూడా రాశారు. చేతిని చెక్కల మధ్య పెట్టి నిమ్మకాయ పిండినట్టు నొక్కితే ‘చీరట’. మనిషిని వంచి, కదలకుండా కట్టేసి వదిలేస్తే ‘గింజేరి’. దానికంటూ ఒక పేరు పుట్టిందంటే అది ఎంత మామూలుగా జరిగేదో ఆలోచించండి.

ఆ తర్వాత 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చింది. శిస్తు వేరు, పోలీసు వేరు అయ్యాయి. మంచిదే. కానీ ఫిర్యాదును మాత్రం ఏది దానికదే చూడటం అలవాటైపోయింది. ఒక కంప్లయింట్, ఒక విచారణ, ఒక మెమో, ఫైలు క్లోజ్. ఒకే మనిషి మీద వచ్చిన కాగితాలన్నీ ఒకచోట పేర్చి చూద్దాం అనే ఆలోచన గట్టిగా రావడానికి ఇంకో వందేళ్లు పైనే పట్టింది. అది వచ్చింది అమెరికాలో.

1991 మార్చిలో లాస్ ఏంజెలెస్ పోలీసులు రోడ్నీ కింగ్ అనే నల్లజాతి యువకుణ్ణి రోడ్డు మీద చావబాదారు. ఎవరో బాల్కనీలోంచి వీడియో తీశారు. తర్వాత వేసిన క్రిస్టఫర్ కమిషన్ పోలీసుల సొంత కంప్యూటర్ రికార్డులే తిరగేసింది. 1986 నుంచి 1990 దాకా చేయి చేసుకున్నారనే ఫిర్యాదులు సుమారు 1,800 మంది మీద ఉన్నాయి. అందులో 1,400 మందికి పైగా ఒకటి రెండు ఫిర్యాదులతోనే సరి. 44 మంది మీద మాత్రం ఆరు లేదా అంతకంటే ఎక్కువ! పేర్లు డిపార్ట్‌మెంట్ దగ్గరే ఉన్నాయి, ఎవరూ కలిపి చూడలేదు. పైగా వాళ్లకు పైఅధికారులు రాసిన పనితీరు రిపోర్టులు బాగానే ఉన్నాయి.

సరే, కలిపి చూసే పని సాఫ్ట్‌వేర్‌కే ఇద్దామని 1994లో షికాగో పోలీసులు ‘బ్రెయిన్‌మేకర్’ అనే ప్రోగ్రామ్ తెచ్చారు. ఉద్యోగం పోయిన దాదాపు 200 మంది పోలీసుల వివరాలు దానికి నేర్పించారు. తర్వాత 12,500 మంది రికార్డులు ఇస్తే 91 పేర్లు ఇచ్చింది. అందులో దాదాపు సగం మంది అప్పటికే డిపార్ట్‌మెంట్ కౌన్సెలింగ్‌లో ఉన్నారు. అంటే మెషీన్ గుడ్డిగా ఏం చెప్పలేదు. కానీ పోలీసు యూనియన్ భగ్గుమంది, ఆ ప్రయోగం మూలన పడింది. ఇక్కడ నేను కొంత యూనియన్ వైపే. ఎందుకంటే ఫిర్యాదులతో పాటు పెళ్లయిందా లేదా, ఏ జాతి అనేవి కూడా అందులో పెట్టారు. విడాకులు తీసుకున్నవాడు రేపు లాఠీ ఎత్తుతాడని ఎలా అంటాం?

ఇరవై ఏళ్ల తర్వాత షికాగో యూనివర్సిటీ వాళ్లు షార్లెట్ నగర పోలీసులతో కలిసి ఇంకోసారి ప్రయత్నించారు. ఈసారి అడిగిన ప్రశ్న వేరు. ఈ మనిషి ఎలాంటివాడు అని మాత్రమే కాదు, ఈమధ్య ఇతన్ని ఎలాంటి చోట్లకు పంపాం అని. ఆత్మహత్యలు, ఇళ్లలో కొట్లాటలు లాంటి కాల్స్‌కి వరసగా వెళ్లొచ్చినవాళ్లలో అదుపు తప్పే ప్రమాదం ఎక్కువని కనిపించింది. అలాంటివాళ్లకు కావాల్సింది ముందు కాస్త విరామం, ఒక మాట.

ఇప్పుడు మళ్లీ వైజాగ్. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకైంది. పడిపోయిన జనాన్ని మోసినవాళ్లలో పోలీసులూ ఉన్నారు. పైన లాక్‌డౌన్ డ్యూటీలు. తొమ్మిది రోజులకు, మే 16న, నర్సీపట్నం ఆస్పత్రిలో మాస్కులు లేవని చెప్పి సస్పెండైన డాక్టర్ సుధాకర్‌ను నగరంలో హైవే మీద చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి పట్టుకెళ్లారు. వీడియో అందరి ఫోన్లలోకి వచ్చింది. ఆయన తాగి గొడవ చేశాడని పోలీసులు అన్నారు. లాఠీతో కొట్టిన కానిస్టేబుల్‌ను సస్పెండ్ చేశారు. హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది. ఏడాది తిరిగాక డాక్టర్ గారు చనిపోయారు.

ఆ కానిస్టేబుల్ గ్యాస్ లీక్ దగ్గర డ్యూటీ చేశాడని నేననడం లేదు. చేసినా అది సాకు కాదు. కానీ ఆ పది రోజుల్లో ఎవరు ఎన్ని గంటలు డ్యూటీ చేశారు, ఏం చూసొచ్చారు అన్నది ఒక చోట, ఎవరి మీద ఎన్ని ఫిర్యాదులున్నాయన్నది ఇంకో చోట ఉంటే, రెండూ పక్కపక్కన పెట్టి చూసే పని ఎవరిది?

మన రాష్ట్రంలో 2019 జూన్‌లో పోలీసులకు వారానికో సెలవు ప్రకటించారు. నా లెక్కలో అదీ ముందు జాగ్రత్తే, సాఫ్ట్‌వేర్ అక్కర్లేనిది. 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టమంది. కెమెరా జరిగింది చూపిస్తుంది. జరగబోయేది రికార్డుల్లోనే వెతకాలి. మనకు తెలిసిన వార్త మాత్రం ఒకటే: ‘ఎస్సైని వీఆర్‌కు పంపారు’. అంటే పోస్టింగ్ లేకుండా పక్కన పెట్టారని. అది సాధారణంగా వీడియో వైరల్ అయ్యాక వచ్చే వార్త. అంతకుముందు ఆయన మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయన్నది ఆ వార్తలో ఉండదు.