చేతిలో సూది, చంకలో రిజిస్టరు

తిమ్మాజిపేట జడ్చర్లకూ నాగర్‌కర్నూల్‌కూ మధ్య ఉంటుంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. పాలమూరు అనగానే మనకు వలసలే గుర్తొస్తాయి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అక్షరాస్యత అట్టడుగున ఉన్న జిల్లా కూడా అదే. అక్కడి చదువురాని తల్లుల కూతుళ్లు ఇవాళ ఇంటర్ బైపీసీ పాసవుతున్నారు. డాక్టరు సీటు రానివాళ్ల ముందు, అంటే దాదాపు అందరి ముందూ, ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చే ప్రశ్న ఒకటుంది. నర్సింగ్ చదివించాలా, లేక ఆస్పత్రిలోనే కంప్యూటరు ముందు కూర్చునే పనిలో పెట్టాలా? కేస్ షీట్లు భద్రపరచడం, జబ్బులకు కోడ్‌లు వేయడం, బీమా క్లెయిములు పంపడం వంటి ఆ రెండో పనికి ఇప్పుడు హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ అని పెద్ద పేరే వచ్చింది.

ఈ ప్రశ్నను జీతాల లెక్కగానో, పెళ్లి సంబంధాల లెక్కగానో తేల్చేస్తుంటారు. "నైట్ డ్యూటీలు వద్దు, ఏసీలో కూర్చునే పని నయం" అన్నమాట వినని ఇల్లు ఉండదేమో. కానీ ఈ రెండు పనులూ ఒకప్పుడు ఒక్క మనిషివే. ఎలా విడిపోయాయో చూస్తే ఆ ఏసీ గది గౌరవం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది.

ఫ్లారెన్స్ నైటింగేల్ మనకు పాఠ్యపుస్తకాల్లో దీపం పట్టుకున్న దేవతగానే పరిచయం. క్రిమియా యుద్ధం (1853-56) నుంచి తిరిగొచ్చాక ఆమె జీవితంలో ఎక్కువ భాగం రోగుల మధ్య కాదు, అంకెల మధ్య గడిచింది. సైనికులు గాయాలతో కంటే నివారించగలిగిన జబ్బులతోనే ఎక్కువగా చనిపోయారని 1858లో చక్రాల్లాంటి పటాలు గీసి చూపించింది. ఆస్పత్రులన్నీ ఒకే రకం ఫారాల్లో రోగుల వివరాలు రాయాలని 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభకు ప్రతిపాదన పంపింది. భారతదేశంలో కాలు పెట్టకుండానే ఇక్కడి కంటోన్మెంట్ల నుంచి వచ్చిన వివరాల కట్టలు చదివి, 1863 నాటి సైనిక పారిశుధ్య నివేదిక వెనక పనిచేసింది. ఆమె చేతిలో మనం దీపాన్ని ఉంచాం, లెక్కల పుస్తకాన్ని లాగేశాం. సేవ చేసే స్త్రీ కావాలి కానీ సర్కారు తప్పును అంకెల్లో పట్టుకునే స్త్రీ ఎవరికి కావాలి?

రికార్డుల పని విడిగా వృత్తి అయింది అమెరికాలో. 1897లో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో గ్రేస్ వైటింగ్ మైయర్స్ రికార్డుల లైబ్రేరియన్‌గా కుదిరింది. 1928లో తనలాంటి వాళ్లను కూడగట్టి సంఘం పెట్టింది. ఇక్కడా స్త్రీలే ముందున్నారు. అయితే రోగిని ముట్టుకోనక్కర్లేని స్త్రీలు.

ముట్టుకోవడం అన్నదగ్గరే మన చరిత్ర వేరవుతుంది. 1946 నాటి భోర్ కమిటీ లెక్క ప్రకారం బ్రిటిష్ ఇండియాలో 43,000 మందికి ఒక్క నర్సు. చదువుకున్న ఆడవాళ్లు తక్కువ కావడం ఒక్కటే దీనికి కారణం కాదు. ఒకరి నెత్తురూ మలమూత్రాలూ ఎత్తే పని మన కులవ్యవస్థలో ఎవరికి కేటాయించారో వేరే చెప్పాలా? ఆనా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చి 1898 నాటికి ఆస్పత్రి కట్టింది. నిజాం ఇలాకాకు 1907లో మెనోనైట్ బ్రదరెన్ మిషన్ తరఫున డాక్టర్ కాథరీనా షెలెన్‌బర్గ్ వచ్చింది. శంషాబాద్‌లో చివరిదాకా పనిచేసింది. ఇలాంటి మిషన్ ఆస్పత్రుల్లో నర్సులుగా మొదట తయారైనవాళ్లలో దళిత క్రైస్తవ స్త్రీలు, ఆదరవు లేని స్త్రీలు ఎక్కువ. నర్సు ఉద్యోగం పట్ల చులకనకు మూలం ఇక్కడ ఉంది. రాత్రి డ్యూటీ మీద పుట్టే గుసగుసలు దానికి తోడయ్యాయి.

మన పల్లెల్లో మాత్రం రెండు పనులూ విడిపోలేదు. ఆమెనే ఊళ్లో నర్సమ్మ అంటారు, సర్కారు కాగితాల్లో ఏఎన్‌ఎం. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను బహుళ ప్రయోజన కార్యకర్తను చేసింది. ప్రసవాల కోసం శిక్షణ పొందిన మనిషికి మలేరియా, టీకాలు, కుటుంబ నియంత్రణ అన్నీ చుట్టుకున్నాయి. ప్రతిదానికీ ఒక రిజిస్టరు. మైదాన ప్రాంతంలో ఐదు వేల మందికొక ఉపకేంద్రం అన్నారు కానీ, ఆ ఐదు వేల మందిని రాసే చేయి ఒక్కటే. అర్హులైన దంపతుల రిజిస్టరు అని ఒకటుండేది. పేరులో దంపతులే కానీ, ఆపరేషన్ బల్ల ఎక్కింది ఎక్కువగా భార్యలే. 1996లో టార్గెట్ల పద్ధతి ఎత్తేశామని కేంద్రం ప్రకటించేదాకా నర్సమ్మ పనితీరును కొలిచింది ఎన్ని ప్రసవాలు క్షేమంగా చేసిందని కాదు, ఎన్ని కేసులు తెచ్చిందని. తోటి స్త్రీల గర్భసంచులకు లెక్కలు రాసే గుమాస్తాగా ప్రభుత్వం ఆమెను వాడుకుంది. రికార్డు అనేది అమాయకమైన వస్తువు కాదని మనకు మొదట తెలియాల్సింది ఆమె దగ్గరే.

పాలమూరు ఆస్పత్రుల్లోకి కంప్యూటరు గట్టిగా అడుగుపెట్టింది ఆరోగ్యశ్రీతో. 2007 ఏప్రిల్ 1న ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. ఆరోగ్యమిత్రలు వచ్చారు. సూది ముట్టని, కార్డు చూసి వివరాలు ఎక్కించే కొత్త ఉద్యోగం అది. 2009లో తల్లీబిడ్డల ట్రాకింగ్ వచ్చింది, తర్వాత ట్యాబ్‌లు. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలయ్యాక ఆడబిడ్డ పుడితే 13,000, మగబిడ్డయితే 12,000 విడతలుగా ఖాతాలో పడాలంటే వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కాల్సి ఉండేది. ఎక్కకపోతే బాలింత నిలదీసేది సర్వర్‌ను కాదు, నర్సమ్మను. రిజిస్టర్లు పోతాయన్నారు. ట్యాబ్ వచ్చి చేరింది, అంతే.

మరి ఆ అమ్మాయి ఏం చదవాలి? నాకు తోచింది చెప్తాను. నర్సింగ్‌కు రిజిస్ట్రేషన్ ఉంది, 1947లోనే కౌన్సిల్ చట్టం వచ్చింది, 2023లో కొత్త కమిషన్ చట్టం వచ్చింది. రికార్డుల వృత్తికి చట్టంలో చోటు దొరికిందే 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంతో. హైదరాబాద్‌లో 2000 ప్రాంతంలో వెలిగిన మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌ను మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఎలా మింగిందో చూశాం. అమెరికా 2015 అక్టోబరులో ఐసీడీ-10కు మారితే ఇక్కడ కోడింగ్ ఉద్యోగాలు పెరిగాయి. అక్కడి బీమా కంపెనీలు ఏదనుకుంటే అది ఇక్కడి జీతం. అలాగని నర్సులకు అంతా బాగుందనీ కాదు. 2016లో సుప్రీంకోర్టు జోక్యంతో వేసిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలోనైనా నర్సు జీతం 20,000కు తగ్గకూడదంది. చిన్న పట్నాల నర్సింగ్‌హోముల్లో ఆ మాట విన్నవాళ్లెవరు? 2024 జనవరిలో 6,956 మందికి స్టాఫ్ నర్సులుగా నియామక పత్రాలిచ్చిన ఈ రాష్ట్రంలోనే, అంతకు ఆరునెలల లోపు రెండో ఏఎన్‌ఎంలు పర్మినెంట్ చేయమని సమ్మెకు దిగారు.

అయినా నేను నర్సింగ్ వైపే మొగ్గుతాను. నర్సు కావాలనుకుంటే తర్వాత రికార్డుల వైపు వెళ్లగలదు. రికార్డుల మనిషి రోగి మంచం దగ్గరికి రావాలంటే చదువు మళ్లీ మొదలు పెట్టాల్సిందే. ఇంకో సంగతి, రికార్డుల గదిలో కూర్చునే అమ్మాయికి వార్డు ఎలా ఉంటుందో తెలియకపోతే జరిగే నష్టం స్త్రీలకే ఎక్కువ.

నాగర్‌కర్నూల్‌లో 2022 నవంబరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. బోధనాస్పత్రి అన్నాక రికార్డుల విభాగం ఉండి తీరాలి. ఏ ఆస్పత్రికైనా కాలిన గాయాలతో వచ్చే కోడళ్లు వస్తూనే ఉంటారు. వెంట వచ్చినవాళ్లు స్టవ్ పేలిందంటారు. ఐసీడీ-10లో నిప్పు ప్రమాదాలకు ఎక్స్00 నుంచి ఎక్స్09 దాకా కోడ్‌లున్నాయి. తనే అంటించుకుంటే ఎక్స్76. ఇంకొకరు అంటిస్తే ఎక్స్97. కోడ్ వేసే మనిషి ఆమెను చూడదు, కేస్ షీట్ మాత్రమే చూస్తుంది. అందులో ఉన్నదానికే కోడ్ వేయాలన్నది ఆ వృత్తి నియమం. అత్తింటివాళ్లు టీ తాగడానికి బయటికి వెళ్లిన కాసేపట్లో, కట్టు మార్చే నర్సుతో ఆమె ఏదో అంటుంది. ఆ మాట షీట్లోకి ఎక్కకపోతే, పగలు కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయికి ఎక్స్97 వేసే దారి లేదు.