ఆఫ్రికా చిత్రాలు – పంపిణీ పెత్తనం

నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2016 జనవరిలో ఒక్కసారిగా 130 దేశాలకు తన ప్రసారాలను విస్తరించింది. వాటిలో ఆఫ్రికా దేశాలు చాలా ఉన్నాయి. నాటినుండి ఆఫ్రికా చిత్రాలకు ప్రపంచపు తలుపులు తెరుచుకున్నాయన్న మాట తరచు వినవస్తున్నది. తలుపులు తెరుచుకున్న మాట నిజమే. తాళంచెవులు ఎవరి బొడ్డున ఉన్నాయో కూడా చూడాలి.

ఇది కొత్త ప్రశ్న కాదు. ఫ్రెంచి వలసల్లో ప్రభుత్వానుమతి లేనిదే చిత్రాలు తీయరాదని 1934లో లవాల్ ఉత్తర్వు శాసించింది. సొంత గడ్డపై చిత్రం తీసే అనుమతి దొరకనందువల్లనే పోలిన్ వియెరా, అతని మిత్రులు 1955లో పారిస్‌లోని ఆఫ్రికన్ల జీవితాన్ని చిత్రించారు. స్వాతంత్ర్యం వచ్చాక కెమెరా చేతికొచ్చింది. పంపిణీ మాత్రం కొమాసికో, సెక్మా అనే రెండు ఫ్రెంచి కంపెనీల గుప్పిట్లోనే ఉండిపోయింది. ఎగువ వోల్టా (నేటి బుర్కినాఫాసో) ప్రభుత్వం 1970లో సినిమా హాళ్లను జాతీయం చేయగా, ఆ కంపెనీలు చిత్రాల సరఫరా ఆపివేశాయి. హాళ్లు జాతివయ్యాయి గాని, రీళ్లు కాలేదు.

మార్సేల్స్‌లో రేవుకూలీగా, కమ్యూనిస్టుగా రాటుదేలిన సెంబేన్ ఉస్మాన్ మొదట నవలాకారుడు. తాను ఎవరిని గురించి రాస్తున్నాడో వారు ఆ నవలలు చదవలేరని గ్రహించి, మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నాడు. 1968లో తీసిన ‘మందాబి’ని వొలోఫ్ భాషలో మాట్లాడించాడు. ఫ్రెంచి ధనం కలిసినందువల్ల అదే చిత్రాన్ని ఫ్రెంచిలో కూడా తీయవలసి వచ్చింది! ఇక కథ చూడండి. పారిస్‌లో వీధులూడ్చే మేనల్లుడు డకార్‌లోని ఇబ్రహీమా డియెంగ్ పేర 25,000 ఫ్రాంకుల మనియార్డరు పంపుతాడు. అందులో 20,000 తనకోసం దాచాలి, 3,000 తల్లికివ్వాలి, మేనమామకు మిగిలేది 2,000. ఆ డబ్బు చేతికి రావాలంటే గుర్తింపు కార్డు కావాలి. కార్డుకు జననపత్రం కావాలి, ఫోటో కావాలి. అతను ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే అప్పు అడిగేవాళ్లు ఇంటి ముందు చేరతారు. చివరకు సూటు తొడిగిన బంధువొకడు మొత్తం కాజేసి, జేబుదొంగలు కొట్టేశారంటాడు. దొరలు పోయాక దొరతనం ఎవరికి సంక్రమించిందో ఇంత సూటిగా చెప్పిన చిత్రాన్ని నేను చూడలేదు.

నైజీరియా మాటేమిటని మిత్రులు అడగవచ్చు. 1992లో ఇగ్బో భాషలో వచ్చిన ‘లివింగ్ ఇన్ బాండేజ్’ వీడియో క్యాసెట్లుగా బజారులో అమ్ముడుపోయింది. పారిస్ సాయం గాని, హాలివుడ్ దయ గాని దానికి అవసరం లేకపోయింది. ఆ ఒరవడిలో వచ్చిన చిత్రాల్లో మంత్రతంత్రాలున్నాయి, చవకబారు అభిరుచి ఉంది, కాదనను. అయినా దేశభాషలు తెరమీద వర్ధిల్లడానికి ఆ బజారు చేసిన మేలు చిన్నది కాదు. నెట్‌ఫ్లిక్స్ 2018లో కొన్న ‘లయన్‌హార్ట్’ చాలాభాగం ఇంగ్లీషులోనే నడిచింది. ఆ కారణంగానే 2019లో ఆస్కారు సంస్థ దాన్ని అంతర్జాతీయ చిత్రాల పోటీనుండి తొలగించింది. వలసపాలన రుద్దిన భాషలో మాట్లాడితే అంతర్జాతీయం కాదట!

అదే ఏడు మతీ డియోప్ తీసిన ‘అట్లాంటిక్స్’ వొలోఫ్‌లోనే నెట్‌ఫ్లిక్స్‌కు చేరింది. సంతోషించదగ్గ విషయమే. కాని 2024 జనవరిలో అమెజాన్ తన లెక్కలు చూసుకుని ఆఫ్రికాలో సొంత నిర్మాణాలకు పెట్టుబడి నిలిపివేసింది. అక్కడి కళాకారులకు ఆ లెక్కల్లో ఏ హక్కూ లేదు.

ఇక పాత చిత్రాలు. వాటిని పునరుద్ధరించడానికి ఆఫ్రికా చిత్రకారుల సమాఖ్య, యునెస్కో, అమెరికాలోని ఫిల్మ్ ఫౌండేషన్ 2017లో ఒక పథకం ప్రారంభించాయి. మంచి పని. అయితే సెంబేన్ చిత్రాలకు చోటిచ్చిన క్రైటీరియన్ ఛానెల్ అమెరికా, కెనడాలకే పరిమితం. డియెంగ్ మనియార్డరు పట్టుకుని తిరిగిన డకార్‌లో ఉండే విద్యార్థికి ఆ ఛానెల్‌కు చందా కట్టే వీలు లేదు.