గేరు మార్చనక్కరలేని కారు – దాని వేడికి విరుగుడు

1939వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికా దేశమునందు ఓల్డ్స్‌మొబైల్ కార్లు చేయువారు ఒక క్రొత్త యేర్పాటును ప్రకటించిరి. 1940వ సంవత్సరపు నమూనాను కొనువారు 57 డాలర్లు అదనముగా చెల్లించినచో, వారి కారులో క్లచ్ పెడలు ఉండదు; గేరు మార్చుపనిని కారే చూచుకొనును. దీనికి హైడ్రామాటిక్ అని పేరు పెట్టిరి. పెద్ద సంఖ్యలో తయారై జనసామాన్యమునకు అందిన పూర్తి ఆటోమేటిక్ గేర్ బాక్సు ఇదియే మొదటిది. దీనిని రూపొందించిన బృందమునకు నాయకుడు ఎర్ల్ థాంప్సన్ అను ఇంజనీరు. గేర్లు రాపిడి లేక కలియుటకు తోడ్పడు సింక్రోమెష్ పద్ధతిని అంతకుముందే కనిపెట్టినవాడును ఈతడే. హైడ్రామాటిక్ ఎడమకాలికి విశ్రాంతి నిచ్చెను. కాని ఆ విశ్రాంతితోపాటు కారులోనికి ఒక క్రొత్త వేడి ప్రవేశించెను. దానిని వదిలించుకొనుటకు ఇంజనీర్లును, మెకానిక్కులును, తుదకు కారు యజమానులును పడిన పాట్లే ఈ చరిత్ర.

ఆ సౌకర్యమును విలాసమని కొట్టివేయరాదు. రెండవ ప్రపంచయుద్ధములో కాళ్లు కోల్పోయి వచ్చిన సైనికులకు కారు కొనుటకై 1600 డాలర్ల వరకు సహాయము చేయు చట్టమును అమెరికా ప్రభుత్వము 1946 ఆగస్టులో చేసెను. ఎడమకాలు లేనివానికి క్లచ్‌తో కూడిన మామూలు కారును నడపుట దుస్సాధ్యము. క్లచ్ లేని కారులో అతడు ఒకరి సాయము లేకుండ ఉద్యోగమునకు పోగలడు, బిడ్డలను బడికి చేర్చగలడు. కనుక ఈ యంత్రము చెడకుండ నిలుచుట కొందరికి జీవనాధారమైన విషయము.

కారు ఆగియున్నప్పుడు చక్రములు నిలిచియుండవలెను. ఇంజను మాత్రము తిరుగుచుండవలెను. మామూలు కారులో ఈ రెంటిని విడదీయునది క్లచ్. ఆటోమేటిక్ కారులో ఆ పనిని నూనె చేయును. రెండు టేబుల్ ఫ్యానులను ఎదురెదురుగా నుంచి, ఒకదానికి మాత్రమే కరెంటు ఇచ్చి చూడుడు. మొదటిది విసరు గాలికి రెండవది మెల్లగా తిరుగ నారంభించును. రెండవదానిని చేతితో పట్టి ఆపినను మొదటిది ఆగదు. గాలికి బదులు నూనెను, ఫ్యానులకు బదులు రెక్కలు గల రెండు చిప్పలను ఊహించుకొన్నచో ద్రవసంధానము తెలిసినట్లే. ఈ రెంటికి నడుమ నూనె ధారను మళ్లించు మూడవ చక్రమును చేర్చినచో, అది తిప్పుబలమును పెంచు టార్క్ కన్వర్టరు అగును.

ఈ యుక్తి కారుకొఱకు పుట్టినది కాదు. జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ అను ఇంజనీరు 1905లో ఓడలకొఱకు దీనికి పేటెంటు పొందెను. ఆవిరి టర్బయిను అతివేగముగా తిరుగును. ఓడ చోదకచక్రము మెల్లగా తిరిగిననే నీటిని చక్కగా నెట్టగలదు. ఆ రెంటి నడుమ ద్రవమును మధ్యవర్తిగా నిలుపుట ఆయన ఉద్దేశము. తరువాత ఇంగ్లండులో 1930లో డైమ్లర్ కంపెనీ ద్రవసంధానమును కార్లలో ప్రవేశపెట్టెను.

ఇక వేడి సంగతి. ద్రవమును చిలికినచో అది వేడెక్కునని నిర్ధారించినవాడు మాంచెస్టరు ప్రాంతపు శాస్త్రజ్ఞుడు జేమ్స్ జౌల్. పైనుండి దిగు బరువులచేత నీటిలో తెడ్లను త్రిప్పించి, నీటి ఉష్ణోగ్రత ఎంత పెరుగునో ఆయన కొలిచెను. 1850లో ప్రకటించిన ప్రయోగములో ఆ పెరుగుదల ఒక ఫారన్‌హైటు డిగ్రీయైనను లేదు. అంత స్వల్పమైన వేడిని ఓపికతో కొలిచి, పోయిన శ్రమకు సరిపడు వేడి పుట్టితీరునని ఆయన చూపెను. 1877లో విలియం ఫ్రూడ్ ఈ సూత్రమునే తలక్రిందులుగా వాడుకొనెను. ఓడ ఇంజను బలమును కొలుచుటకై ఆ బలమునంతయు నీటిని చిలుకుటలో ఖర్చుపెట్టు బ్రేకును ఆయన నిర్మించెను. జౌల్ వెదకిన వేడి, ఫ్రూడ్ కోరి పుట్టించిన వేడి, ఆటోమేటిక్ కారులో కోరకయే పుట్టుచున్నది.

అది ఎంత? 100 అశ్వశక్తుల ఇంజనును పూర్తి బలముతో నడపుచు బ్రేకు త్రొక్కి చక్రములను ఆపితిమనుకొనుడు. ఆ బలమంతయు నూనెలోనే వేడిగా మారవలెను. ఒక లీటరు నీటిని గది వేడిమినుండి మరుగు స్థితికి తెచ్చుటకు ఆ వేడికి నాలుగు సెకండ్లు చాలును. నడచు కారులో ఇంత నష్టము లేదు. కాని ఎత్తుదారిలో బరువుతో మెల్లగా ఎక్కునప్పుడు ఇందులో కొంతభాగము నిమిషముల తరబడి నూనెలో చేరుచునే యుండును.

యుద్ధానంతరము కన్వర్టరు కార్లు వెలువడిన కాలమున ఈ వేడికి మూడు మార్గములను త్రొక్కిరి. 1948లో వచ్చిన బ్యూక్ డైనాఫ్లో కారులో నూనె వేడిని రేడియేటరు నీటికి అప్పగించిరి. 1949లో ప్యాకార్డ్ వారు, కారు వేగము అందుకొన్న పిమ్మట ఇంజనును చక్రములకు నేరుగా బిగించు క్లచ్‌ను కన్వర్టరులోనే అమర్చి, నూనె చిలుకుటనే మాన్పించిరి. 1950లో స్టూడిబేకర్ వారు అట్టి క్లచ్‌తోపాటు కన్వర్టరుకు గాలి విసరు ఏర్పాటును కూడ చేసిరి. కాలక్రమమున మొదటి మార్గమే ప్రబలమయ్యెను. రేడియేటరు తొట్టిలోపల ఒక చిన్న కూలరును పెట్టి, గేర్ బాక్సు నూనెను దానిలో త్రిప్పి పంపుట చవుక. చోటును కూడ ఆక్రమింపదు.

అయితే ఆ ఏర్పాటులో ఒక పరిమితి కలదు. నీటిచేత చల్లారు నూనె ఆ నీటికంటె చల్లబడజాలదు. సమతలమైన దారిలో దీనివలన ఇబ్బంది లేదు. 1956లో అమెరికా జాతీయ రహదారుల చట్టము వచ్చి విశాలమైన దారులు పరచుకొన్న తరువాత, కుటుంబములు ఇల్లువంటి ట్రెయిలరును కారువెనుక కట్టుకొని పర్వతప్రాంతములకు విహారమునకు పోవుట హెచ్చయ్యెను. కొండ ఎక్కునప్పుడు ఇంజనును వేడెక్కును, గేర్ బాక్సును వేడెక్కును. రెండును ఆ ఒక్క రేడియేటరునే ఆశ్రయించును. చల్లార్చవలసిన నీరే సలసల కాగుచుండగా నూనెను రక్షించువారెవరు?

నూనె వేడికి పాతబడి నల్లబడును. రబ్బరు సీళ్లు గట్టిపడి పగులును. క్లచ్ పలకల పూత మాడును. సుమారు 80 సెంటిగ్రేడు డిగ్రీలకు పైన ప్రతి 11 డిగ్రీలకు నూనె ఆయుర్దాయము సగమగునని మెకానిక్కులలో ఒక మోటులెక్క కలదు. అది శాస్త్రనియమము కాకున్నను హెచ్చరికగా పనికివచ్చును. ఆ లెక్క ప్రకారము 113 డిగ్రీలవద్ద నూనె ఆయువు ఎనిమిదవ వంతునకు దిగును. గేర్ బాక్సును తిరిగి కట్టించుట కారు మరమ్మతులలో మిక్కిలి ఖరీదైన వానిలో నొకటి. అందుచేతనే యజమానులు వేరుగా కూలరును కొని తగిలించుకొను ఆచారము ఏర్పడెను.

ఆ కూలరు చూచుటకు చిన్న రేడియేటరువలె నుండును. దానిని రేడియేటరుకు ముందు, గాలి తగులుచోట బిగింతురు. పద్ధతి యేమనగా, గేర్ బాక్సునుండి వచ్చు నూనె మొదట రేడియేటరులోని పాత కూలరుగుండ పోయి, పిమ్మట క్రొత్త కూలరులో చల్లారి, గేర్ బాక్సుకు తిరిగి చేరవలెను. కనుక తిరుగుగొట్టమును గుర్తించుట మొదటిపని. ఇంజను కొంతసేపు నడచిన తరువాత రెండు గొట్టములలో తక్కువ వేడిగా నున్నది సాధారణముగా తిరుగుగొట్టము. దానిని కోసినప్పుడు లోహపు రజను లోపల పడనీయరాదు. పడినచో సన్నని నూనెదారులలో ఇరుకుకొని గేరు మారుటను చెరచును. నీటి గొట్టములు పనికిరావు. వేడినూనెకు తాళు గొట్టమునే వాడవలెను. దానిని మడతపడకుండ, ఇనుపఅంచులకు ఒరసికొనకుండ నడపవలెను. రేడియేటరు రేకులగుండ నైలాను పుల్లలు దూర్చి కూలరును వ్రేలాడదీయుట సులభమే గాని, అదురుటవలన ఆ పుల్లలు రేకులను అరగదీయును. చట్రమునకు బందువేసి బిగించుట మేలు. క్రొత్త కూలరు కొంత నూనెను తనలో నింపుకొనును గనుక, తయారీదారు చెప్పిన రీతిని మట్టము చూచి కొరతను పూరింపవలెను. ఎక్కువ పోసినచో నూనె నురుగెక్కును.

చలిదేశములలో పాత కూలరును తొలగింపరాదని నిపుణులు చెప్పుటకు కారణము వేరు. గడ్డకట్టు చలిలో నూనె చిక్కబడి గేర్లు మొరాయించును. అప్పుడు రేడియేటరు నీరే దానిని వెచ్చజేయును. అయితే ఆ పాత కూలరు లోపల చిల్లుపడినచో నీరు నూనెలో కలిసి గులాబి రంగు మజ్జిగవలె నగును; క్లచ్ పలకల అతుకును ఊడదీయును. ఈ భయముచేతనే కొందరు రేడియేటరు సంబంధమును పూర్తిగా త్రెంచి, పెద్ద కూలరు మీదనే ఆధారపడుదురు.

ఈ నూనె చరిత్రలో సముద్రమునకును భాగము కలదు. క్లచ్ పలకలు కుదుపులేక పట్టుటకై నూనెలో స్పెర్మ్ తిమింగలపు నూనెను కలుపుచుండిరి. ఆ తిమింగలములు అంతరించు ప్రమాదములో నున్నవని అమెరికా 1970లో జాబితాకెక్కించి, వాని నూనె దిగుమతిని నిషేధించెను. రసాయనజ్ఞులు దానికి బదులుగా క్రొత్త మిశ్రమములను సిద్ధపరచిరి. వానిలో ఒకటి రేడియేటరులోని కూలరు అతుకులను తినివేయుట గమనించి, తుప్పును అడ్డు ద్రవ్యములను చేర్చి సవరింపవలసివచ్చెను. ఒక జీవిని కాపాడిన మేలుకు ఇంత చిన్న సవరణ ఎక్కువ వెల కాదు.

1973లో పెట్రోలు కరవు వచ్చినప్పుడు మరియొక సత్యము అందరికి తెలిసినది. నూనెలో పుట్టు వేడి యెక్కడిదో కాదు, యజమాని డబ్బిచ్చి పోయించుకొన్న పెట్రోలే. 1978వ సంవత్సరపు నమూనాలలో క్రైస్లర్ వారు కన్వర్టరును బిగించు క్లచ్‌ను మరల తెచ్చిరి, ఇతరులును అనుసరించిరి. 1949లో ప్యాకార్డ్ చూపిన దారి దాదాపు ముప్పదియేండ్లకు రాజమార్గమయ్యెను.

నేడు మన హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలోను ఆటోమేటిక్ కార్లు విరివిగా తిరుగుచున్నవి. అవి అన్నియు ఒక జాతివి కావు. కొన్నిటిలో మామూలు గేర్ బాక్సునే విద్యుత్పరికరములు నడపును. వానిలో టార్క్ కన్వర్టరే లేదు, ఈ కూలరుతో పనిలేదు. కన్వర్టరు గల కారైనను, బరువులాగక, కొండదారిలో తరచు తిరుగక యున్నచో తయారీదారు అమర్చిన కూలరు చాలును. కనుక కొనువాడు ముందుగా తన కారులో ఉన్నదేదో, తాను దానిచేత చేయించుకొను పని యెట్టిదో తెలిసికొనవలెను. విద్యుత్ కార్లలో సాధారణముగా కన్వర్టరు లేదు. అయినను బ్యాటరీకిని మోటారుకును చల్లదనము కావలసియే యున్నది. కాలికి తగ్గిన పని యంత్రములో వేడిగా తేలుచునే యున్నది. దానిని మరువక చల్లార్చినవాని కారే చిరకాలము నడచును.