డార్విన్ గారి ఉత్తరాలు

కాగితాలు గుచ్చే ఇనుప చువ్వ మన పెన్షనరు మిత్రులందరూ ఎరిగినదే. పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ (1809–1882) కూడా తనకు వచ్చిన ఉత్తరాలను అలాగే చువ్వలకు గుచ్చేవారు. చువ్వలు నిండగానే, వాటిని ఖాళీ చేయడానికి కొన్నేళ్ల ఉత్తరాలు ఒక్కసారే కాల్చేసేవారు. 1862కు ముందు వచ్చినవి దాదాపు అన్నీ అలా పోయాయని ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ రాశారు. ఆ తరువాత ఎవరో నచ్చజెప్పగా ముఖ్యమైనవి దాచారు.

అయితే ఆయన రాసిన జాబులను మిత్రులు పారవేయలేదు. జీవజాతులు మార్పులేనివి కావని తనకు తోస్తున్నట్లు డార్విన్ 1844 జనవరిలోనే వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ గారికి రాశారు. ఆయన గ్రంథం వెలువడింది 1859లో. ఆ పదిహేనేళ్ల మథనం మనకు తెలియడానికి ఇలా నిలిచిన జాబులు ఎంతో తోడ్పడ్డాయి.

1974లో ఫ్రెడరిక్ బర్క్‌హార్ట్ ఈ ఉత్తరాల సేకరణకు పూనుకున్నారు. సుమారు 15,000 జాబులు 30 సంపుటాలుగా 1985 నుంచి 2023 వరకు కేంబ్రిడ్జిలో అచ్చయ్యాయి. డార్విన్ చాలా జాబులపై సంవత్సరం వేయలేదు. కాగితం, లోపలి విషయం చూసి సంపాదకులు కాలం తేల్చవలసి వచ్చింది.

మన కచేరీ భాషలో ఎల్.డిస్. అనిపించిన కాగితమే ఒక్కోసారి ఆర్.డిస్. అవుతుంది. కాబట్టి మిత్రులారా, ఇంట్లో పాత జాబులుంటే చించకండి. రాసినవారి పేరు, ఊరు, సంవత్సరం వెనుక పెన్సిలుతో రాసి పిల్లలకు అప్పగించండి. ఆ వివరాలు చెప్పగలవారం ఇప్పుడు మనమే.