గుత్తపనివాడు స్వతంత్రుడా? – మగ్గపు పన్ను మొదలు నేటివరకు

మన పూర్వులు తెలుగు సీమ విడిచి ఇరుగు పొరుగు రాష్ట్రములలో స్థిరపడుటకు కారణములు పెక్కు. కొందరు కొలువునకై, కొందరు సేద్యమునకై, మరికొందరు చేతిపనిని నమ్ముకొని వచ్చిరి. ఈ మూడవ తెగవారిని గూర్చి ఒక చిక్కు ప్రశ్న నేటికిని తెగక నిలిచియున్నది. తన ఇంట, తన పనిముట్టుతో, మరొకరి సరుకు తయారుచేసి, చేసిన దానికింత అని పుచ్చుకొనువాడు సొంత వృత్తి గలవాడా, లేక ఒకరి క్రింది కూలివాడా? ఇది మాటల తగవుగా తోచవచ్చును గాని, వాడు కట్టవలసిన పన్నును, వానికి రావలసిన రక్షణయు ఈ ఒక్క మాటమీదనే ఆధారపడియున్నవి.

చెన్నపట్టణపు చరిత్రనే చూడుడు. 17వ శతాబ్దిలో ఇంగ్లీషు కంపెనీవారికి బట్టలు సమకూర్చిన వర్తకులలో 1680లో మరణించిన కాసా వీరన్న ప్రముఖుడు. కంపెనీ సొమ్ము వర్తకునికిని, వర్తకుని సొమ్ము బయానాగా నేతగానికిని చేరుచుండెను. 1734 ప్రాంతమున గవర్నరు మార్టన్ పిట్ కాలములో నేతపనివారిని, వడికెడువారిని, అద్దకపువారిని కూర్చి చింతాద్రిపేటను కట్టించిరి. చిన్న మగ్గముల పేట అని ఆ పేరునకు అర్థము. అచ్చటి నేతగాడు ఎవరి నౌకరును కాడు. అయినను తాను పొడవు, వెడల్పు, నూలు సన్నదనము కంపెనీ మచ్చును బట్టియే యుండవలెను. మచ్చునకు సరిపడని తాను వెనుకకు వచ్చెడిది. ఆ నష్టము నేతగానిదే.

18వ శతాబ్ది చివర కంపెనీవారు పెక్కుచోట్ల నడుమనున్న వర్తకులను తొలగించి, తమ రెసిడెంట్ల చేతను, గుమాస్తాల చేతను నేరుగా బయానాలిప్పించిరి. అంతట నిఘా మరింత బిగిసెను. గోదావరి మండలమున ఇంజరములో ఇంగ్లీషువారి కోఠీయు, చేరువనే యానాములో ఫ్రెంచివారి కోఠీయు నుండెను. వేరొకరు మంచి ధర చూపినను, బయానా తీరనిదే నేతగానికి అటు పోవుట సులభము కాకుండెను. పేరునకు స్వతంత్రుడు, పనిలో కట్టుబడినవాడు.

పన్ను వేయునపుడు మాత్రము సర్కారు వానిని సంపూర్ణ స్వతంత్రునిగానే యెంచెను. మద్రాసు రాజధానిలో మొహతర్ఫా అను పన్ను ఒకటి యుండెను. నేతగాని మగ్గముమీదను, చేతిపనివాని పనిముట్టుమీదను, చిన్న అంగడిమీదను అది పడెడిది. ఆదాయమెంత యని అడుగుట లేదు. మగ్గమున్నదా లేదా అనునదే ప్రశ్న. కరవు వచ్చి నూలు దొరకకపోయినను, కొనువారు లేక బట్ట ఇంటనే పడియున్నను, మగ్గమున్నంతకాలము పన్ను తప్పెడిది కాదు.

ఈ అన్యాయమును సముద్రము దాటించి పార్లమెంటు చెవిని వేసినది చెన్నపట్టణములో స్థిరపడిన ఒక తెలుగువాడే యని మనము గర్వింపవచ్చును. గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి (1806–1868) స్థాపించిన మద్రాసు నేటివ్ అసోసియేషను 1852లో పంపిన మహజరులో మొహతర్ఫా బాధలును చేరియున్నవి. పన్ను వసూలులో జరుగు హింసలను గూర్చి ఆయన మొదలగువారు చేసిన ఆందోళన ఫలితముగా 1854లో విచారణ సంఘము నియమింపబడెను. 1860లో ఆదాయపు పన్ను వచ్చెను, సాలుకు రూ. 200 లోపు ఆదాయము గలవారికి అందులో మినహాయింపు కలదు. మరుసటి యేడు, 1861లో, మొహతర్ఫా రద్దయ్యెను. పనిముట్టుపై గాక రాబడిపై పన్ను వేయవలెనను న్యాయము అప్పటికి కుదిరినది.

పన్ను పోయినను బయానా బంధము పోలేదు. 1859 నాటి 13వ చట్టము ప్రకారము బయానా తీసికొని పని చేయని పనివానిని మేజిస్ట్రేటు నెదుటికి ఈడ్వవచ్చును. సొమ్ము తిరిగి కట్టుమనియో, పని పూర్తిచేయుమనియో ఆయన ఉత్తరువు చేయును. దానిని మీరినచో మూడు నెలలవరకు ఖైదు. ఇద్దరు వర్తకుల నడుమ ఒప్పందము తప్పిన అది సివిలు దావా. చేతిపనివాడు తప్పిన జైలు! ఈ చట్టమును రద్దుచేయుటకు 1925 వరకు పట్టినది.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట ఈ ప్రశ్న న్యాయస్థానముల కెక్కెను. 1958లో మధ్యప్రదేశపు బీడీ వ్యాజ్యములో, పొగాకు తీసికొనిపోయి బీడీలు చుట్టించి తెచ్చు సట్టేదార్లు స్వతంత్ర గుత్తదార్లేగాని కార్మికులు కారని సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 1973లో సికిందరాబాదు దర్జీల వ్యాజ్యములో తీర్పు వేరుగా వచ్చెను. ఆ దర్జీలకు కుట్టినదానికింత అని కూలి. వచ్చిపోవు వేళకు కట్టుబాటు లేదు. అయినను మిషన్లు అంగడివి. కుట్టు తీరు బాగులేనిచో మరల కుట్టుమను అధికారము యజమానిది. కావున వారు ఉద్యోగులేయని కోర్టు నిర్ణయించెను. ఒప్పందపు పేరు గాక, పెత్తనమెవరిదో చూడవలెనను సూత్రము ఇందు స్పష్టము.

షోలాపురమున స్థిరపడిన మన పద్మశాలి కుటుంబములలో ఎందరో స్త్రీలు ఇంట కూర్చుండి బీడీలు చుట్టిరి. ఆకును పొగాకును ఇచ్చునది కంపెనీ. బాగులేవని బీడీలు ఏరివేయునదియు కంపెనీయే. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టము ఇంటివద్ద చుట్టువారినిగూడ ఉద్యోగులలో చేర్చెను. యజమానులు దానిని ఎదిరింపగా, 1974లో సుప్రీముకోర్టు ఆ చట్టమును నిలబెట్టెను.

పన్ను దారిలో ఈ భేదము ఇప్పటికిని కనబడును. జీతమునుండి ఆదాయపు పన్ను పట్టుట ఒక పద్ధతి. గుత్తదారునకిచ్చు సొమ్మునుండి పట్టుట, 1972లో చట్టమునకు చేర్చబడిన వేరొక పద్ధతి. రాజ్యాంగము 276వ అధికరణము ప్రకారము సాలుకు రూ. 2,500కు మించకుండ వేయదగు వృత్తి పన్ను మాత్రము వృత్తిని, వ్యాపారమును, ఉద్యోగమును ఒకే చోట చేర్చినది. ఇంటింటికి సరుకు చేర్చు యువకులవంటివారికి 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టినది. మగ్గము పోయి మోటారు సైకిలు వచ్చినది గాని ప్రశ్న అదే.

కావున మన యువకులు గుత్తపనికి పోవునపుడు కూలి యెంతయని మాత్రమే అడిగి ఊరకుండరాదు. పనిముట్టు ఎవరిది, ధర ఎవరు కట్టుదురు, సరుకు త్రోసివేయు హక్కెవరిది, పట్టిన పన్నుకు రసీదేది అని అడుగవలెను. ఆ రసీదులను భద్రపరచవలెను. స్వతంత్రుడను పేరు గౌరవమైనదే. కాని నష్టము మాత్రము తనదై, పెత్తనము మరొకరిదైన స్వాతంత్ర్యము మన తాతలు మగ్గముల యెదుట చాలినంత చూచియే యున్నారు.