తూకంరాయి ఎవరిది? బస్తర్ పిల్లలూ, బినే పరీక్షలూ

నుదుటి రాతని నమ్మని మనలో కూడా కొందరు ఐ.క్యూ. అంకెని ఇట్టే నమ్మేస్తారు. ఆ అంకె పుట్టుక కాస్త చూద్దాం.

1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, సిమోన్‌తో కలిసి మొదటి బుద్ధి పరీక్ష తయారు చేశాడు. బడిలో ఏ పిల్లలకి అదనపు సాయం కావాలో తెలుసుకోడానికే అది. బుద్ధి ఎప్పటికీ పెరగదనే వాదాన్ని 1909లో ఆయనే ఖండించాడు. ఇది సిద్ధాంతం. మరి ఆచరణ? 1916లో అమెరికాలో టెర్మన్ అదే పరీక్షని మార్చి వాడి, మెక్సికన్, నల్లజాతి పిల్లల వెనకబాటు జాతి లక్షణంలా ఉందని రాసేశాడు.

1908 నాటి బినే పరీక్షలో నెలల పేర్లు వరసగా చెప్పాలి, నాణేలు గుర్తుపట్టాలి, చిల్లర లెక్క చెప్పాలి. సరిగ్గా ఆ రోజుల్లో బస్తర్ సంగతేమిటి? 1910 ఫిబ్రవరిలో అక్కడ భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. నాయకుల్లో గుండాధుర్ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. అడవుల్ని రిజర్వు చెయ్యడం, వెట్టిచాకిరీలతో పాటు బలవంతపు చదువు, పంతుళ్ళ దౌర్జన్యం కూడా దానికి కారణాలే. ఠాణాలతో పాటు బళ్ళూ తగలబడ్డాయి. అలాంటి చోట గోండీయో హల్బీయో మాట్లాడే పిల్లవాణ్ణి పారిస్ ప్రశ్నలు అడిగితే వచ్చే మార్కు బుద్ధికి కొలతా, బడికి కొలతా? ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందని పారిస్ పిల్లవాణ్ణి అడిగి చూడండి!

ఈ చిక్కు మనవాళ్ళు గమనించకపోలేదు. కామత్ బినే పరీక్షని కన్నడ, మరాఠీ పిల్లలకి తగ్గట్టు మార్చి 1940లో పుస్తకం వేశారు. 1955లో భాటియా బొమ్మలు, రంగు దిమ్మెల వంటి వాటితో అయిదు పరీక్షలు ఇచ్చారు. ఉత్తరప్రదేశ్‌లో 11-16 ఏళ్ళ మగపిల్లల్ని పరీక్షించి, చదువుకున్నవాళ్ళకీ చదువుకోనివాళ్ళకీ వేరువేరు ప్రమాణాలు కట్టారు. అంటే, అక్షరంతో పనిలేని పరీక్షలో కూడా బడి ప్రభావం కనబడిందన్నమాట.

రక్షణ శాఖ లెక్కల్లో జీవితం గడిపినవాణ్ణి. తూకంలో తేడా వస్తే సరుకు కన్నా ముందు తూకంరాయిని చూడాలన్నది మాకు మొదటి పాఠం.

ఇవాళ ఆరో తరగతి నవోదయ ప్రవేశ పరీక్షలో 100 మార్కులకి 50 మెంటల్ ఎబిలిటీవే. బస్తర్ పిల్లలూ అదే రాస్తారు. సీట్లు తక్కువ కాబట్టి ఏదో ఒక వడపోత తప్పదు, కాదనను. కానీ సీటు రాకపోవడం వేరు, తెలివి లేకపోవడం వేరు.

ఇకపై ఎవరైనా "ఫలానా తెగ పిల్లల ఐ.క్యూ. ఇంతే" అంటే మూడు ప్రశ్నలు వెయ్యండి: ఏ భాషలో అడిగారు? ఎవరితో పోల్చారు? ఆ పిల్లలు ఎన్నేళ్ళు బడికెళ్ళారు? జవాబు రాకపోతే ఆ అంకెకీ జాతకానికీ తేడా లేదు.