ప్రింటర్ కోసం తీసిన తలుపు



మన హాస్టళ్లలో, ఊరి నెట్ సెంటర్లలో చాలాచోట్ల ప్రింటర్ ఒక్కటే, కంప్యూటర్లు మూడో నాలుగో. కుల ధ్రువీకరణ పత్రం, స్కాలర్‌షిప్ కాగితాలు, అమ్మానాన్నల పోడు పట్టా కాపీ అన్నీ అక్కడే స్కాన్ అవుతాయి. అందుకే 'ప్రింటర్ షేరింగ్' అనే చిన్న సెట్టింగ్ చరిత్ర మనకు తెలిసి ఉండాలి.

ప్రింటర్‌ని పంచుకోవడం ఎందుకొచ్చింది? ఖరీదు వల్ల. 1984లో హెచ్‌పీ లేజర్‌జెట్ వచ్చినప్పుడు దాని ధర 3,495 డాలర్లు. టేబుల్‌కొకటి ఎవరు కొంటారు? 1992లో మైక్రోసాఫ్ట్ 'విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్' తెచ్చింది. దాంతో మామూలు కంప్యూటర్ కూడా తన ఫైళ్లను, ప్రింటర్‌ను పక్క కంప్యూటర్లకు ఇవ్వగలిగింది. ఆ రెండూ నడిచే దారి ఒక్కటే, దాని పేరు ఎస్ఎంబీ. పక్క టేబుల్ వాళ్ల కోసం తీసిన ఆ తలుపు, నెట్‌వర్క్‌లు పెరిగాక ముక్కూమొహం తెలియనివాళ్లకీ తగిలింది.

2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రం యంత్రాలను దెబ్బతీసింది. అది పాకిన దారుల్లో ఒకటి షేర్ చేసిన ప్రింటరే. ప్రింట్ చేయమని అడిగినట్టు నటించి, తన ఫైలును అవతలి కంప్యూటర్ సిస్టమ్ ఫోల్డర్‌లో పెట్టేసేది. ఈ లోపం గురించి 2009లోనే ఒక భద్రతా పత్రికలో వ్యాసం వచ్చింది. మైక్రోసాఫ్ట్ సరిచేసింది మాత్రం 2010 సెప్టెంబర్‌లో.

2017 మే 12న వానాక్రై వచ్చింది. ఇది ఎస్ఎంబీ దారినే పట్టుకుని 150కి పైగా దేశాల్లో ఫైళ్లకు తాళం వేసి, 300 డాలర్లు కట్టమంది. బ్రిటన్ ఆసుపత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లూ కొన్ని దెబ్బతిన్నాయి. దానికి మందు మార్చి 14నే వచ్చింది. అప్‌డేట్ చేయనివాళ్లే చిక్కుకున్నారు.

2021లో 'ప్రింట్‌నైట్‌మేర్' వంతు. ఈసారి లోపం విండోస్‌లో ప్రింట్ పనులు చూసే స్పూలర్‌లోనే. ప్యాచ్ వచ్చేదాకా మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సలహా: స్పూలర్ ఆపేయండి, లేదా బయటి కంప్యూటర్ల నుంచి వచ్చే ప్రింట్ పనులను అడ్డుకోండి. రెండోది చేస్తే, నేరుగా వైరుతో కలిపిన ప్రింటర్ మామూలుగానే పనిచేస్తుంది.

ఈ మూడు కథల్లోనూ మనకు కనిపించేది ఒకటే. అవసరం కోసం తీసిన తలుపు, అవసరం తీరాక కూడా తెరిచే ఉంటోంది.

కాబట్టి మీ కంప్యూటర్‌లో 'అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్' అని వెతకండి. 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' ఆఫ్ చేయండి. బయటి వైఫైకి కలిపినప్పుడు నెట్‌వర్క్‌ను 'పబ్లిక్'గా పెట్టండి. ఆఫ్ చేస్తే పక్క కంప్యూటర్ నుంచి మీ ప్రింటర్‌కు ప్రింట్ రాదు. మీ ప్రింట్ మీకు వస్తుంది. షేరింగ్ తప్పనిసరైన హాస్టల్ కంప్యూటర్ ఉంటే, దానికి పాస్‌వర్డ్ పెట్టండి. పత్రాల స్కాన్‌లు అందులో ఉంచకండి. అప్‌డేట్లు ఎక్కడా ఆపొద్దు, షేరింగ్ ఆపినంత మాత్రాన అవి అక్కర్లేదని కాదు.

పంచుకోవడం మన పద్ధతే. కానీ ఎవరితో పంచుకుంటున్నామో తెలిసి పంచుకోవాలి. ఒక్క పట్టా కాగితం కోసం మన పెద్దలు ఎన్నేళ్లు తిరిగారో మనకు తెలుసు. దాని కాపీని తలుపు తీసిన గదిలో వదిలేయొద్దు.